పాత ఖరీదైన కారుకు ఏ ఇంజన్ ఆయిల్?



ఘర్షణ అంటే ఏమిటో మీకు తెలుసు. ఈ రోజు ఘర్షణను అదుపులో ఉంచే కందెనల గురించి, అందులోనూ ఒక చిన్న ప్రశ్న గురించి మాట్లాడుకుందాం. ప్రశ్న చిన్నదే కాని, జవాబు తప్పితే నష్టం లక్షల్లో ఉంటుంది.

గుజరాత్‌లోని సూరత్ నగరంలో మన తెలుగువారు చాలామంది ఉన్నారు. లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో పవర్‌లూమ్‌ల మీద బతికే తెలంగాణ నేత కుటుంబాలు తరాల కిందటే అక్కడ స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతోంది. ఆ కుటుంబాల పిల్లలలో కొందరు మగ్గం వదిలి డ్రైవర్లుగా, మెకానిక్కులుగా మారారు. నగరం నుంచి సముద్రం వైపు సుమారు ఇరవై కిలోమీటర్లు వెళితే డుమస్ వస్తుంది. నల్లటి ఇసుక తీరం, వేడివేడి టమాటా భజియాలు, శని ఆదివారాల్లో జనసమ్మర్దం. ఆ దారి పొడవునా సంపన్నుల ఇళ్లు, వాటి గ్యారేజీలలో మన ఊళ్లలో కనిపించని కార్లు ఉంటాయి.

అలాంటి ఒక ఇంట్లో కార్లు చూసుకునే తెలుగు కుర్రవాడొకరు నన్ను ఇలా అడిగాడు: "సార్, 2004 నాటి బీఎండబ్ల్యూ ఎం3 ఉంది. బండి ముసలిదైంది గదా, చిక్కటి ఆయిల్ పొయ్యమంటడు ఒకాయన. కొత్తగ వచ్చిన పల్చటిది పోస్తే మైలేజీ వస్తదంటడు ఇంకొకాయన. దుకాణమాయన, అన్నిటికన్న ఖరీదైనది తీస్కపో అంటడు. ఎవరి మాట వినాలె?"

ముగ్గురిలో ఎవరి మాటా వినకూడదు. ఎందుకో చూద్దాం.

అంతకుముందు, ఇది కొద్దిమంది ధనికుల సమస్యే కదా అని మీరనుకోవచ్చు. ఒకప్పుడు అంతే. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలు తిరగరాదని 2014, 2015 సంవత్సరాలలో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని బలపరిచింది. ఆ తరువాతి సంవత్సరాలలో అక్కడి ఖరీదైన కార్లు ఎన్నో తక్కువ ధరకు ఇతర రాష్ట్రాలకు తరలాయి. కొత్త చిన్న కారు ధరకే పాత బీఎండబ్ల్యూ, పాత మెర్సిడెస్ దొరకడంతో మధ్యతరగతివారు కూడా కొన్నారు. కారు చవకగా వచ్చిందే కాని, దాని ఇంజన్ చవకది కాలేదు. దాన్ని బాగు చేయించడానికి అయ్యే ఖర్చు ఒక్కోసారి కారు కొన్న ధరను మించిపోతుంది.

ఇక విషయానికి వద్దాం. 'కందెన' అన్న మాట మనకు ఎడ్లబండి నుంచి వచ్చింది. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి ఇరుసుకు రాసేవారు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని మన పెద్దల సామెత. ఆముదమే ఎందుకు? అది చిక్కగా ఉండి, లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో విమానాల ఇంజన్లలో కూడా ఆముదం వాడారు. 'క్యాస్ట్రాల్' అన్న పేరు ఆముదానికి ఉన్న ఆంగ్ల నామం 'క్యాస్టర్' నుంచి 1909లో పుట్టిందే. ప్రపంచంలో ఆముదం ఎక్కువగా పండించేది భారతదేశం, దేశంలో గుజరాత్‌ది మొదటి స్థానం. అయితే వేడి తగిలేకొద్దీ ఆముదం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి జిగురుగా, బంకగా మారుతుంది. అందుకే ఇంజన్లు దాన్ని వదిలి పెట్రోలియం నూనెలకు, తరువాత సింథటిక్ నూనెలకు మారాయి.

ద్రవం ప్రవహించడానికి చూపే అయిష్టతను స్నిగ్ధత అంటాం. నీటికి తక్కువ, తేనెకు ఎక్కువ. వేడి పెరిగితే స్నిగ్ధత తగ్గుతుంది. చలికాలం ఉదయం గడ్డకట్టిన కొబ్బరినూనె సీసాను ఎండలో పెట్టని ఇల్లు మనకు లేదు. ఇంజన్‌లో కష్టమంతా ఇక్కడే ఉంది. తెల్లవారి స్టార్ట్ చేసినప్పుడు నూనె పల్చగా ఉండి పై భాగాల దాకా వేగంగా చేరాలి. 100 డిగ్రీల వేడిలో పరుగెత్తేటప్పుడు మరీ పల్చబడకుండా లోహాల మధ్య పొరగా నిలవాలి. ఒకే నూనె రెండు పనులూ చేయాలి.

డబ్బా మీద ఉండే 10డబ్ల్యు-40, 5డబ్ల్యు-30 వంటి అంకెలు చెప్పేది ఇదే. ఇవి ఎస్.ఏ.ఇ. అనే అమెరికన్ ఇంజనీర్ల సంఘం ఏర్పరచిన గ్రేడులు. డబ్ల్యు అంటే బరువు అని చాలామంది అనుకుంటారు, కాదు. అది 'వింటర్'కు, అంటే చలికాలానికి గుర్తు. దాని ముందున్న అంకె చలిలో నూనె ప్రవర్తనను చెబుతుంది. తరువాతి అంకె వేడిలోని స్నిగ్ధతను చెబుతుంది. 10డబ్ల్యు నూనెతో ఇంజన్ తిరుగుతుందా లేదా అన్నది సున్నాకు దిగువ 25 డిగ్రీల వద్ద పరీక్షిస్తారు. సూరత్‌లో చలికాలపు రాత్రి కూడా 10 డిగ్రీల కిందికి దిగడం అరుదు. కాబట్టి మొదటి అంకె గురించి సిమ్లావారు బెంగపడాలి కాని, డుమస్‌వారికి అంత అవసరం లేదు. 0డబ్ల్యు చెడ్డదని కాదు. అయితే కేవలం ఆ సున్నా కోసం అదనంగా డబ్బు పెట్టడం అనవసరం.

మనం చూడవలసింది రెండో అంకె. గది ఉష్ణోగ్రత వద్ద నీటి స్నిగ్ధత సుమారు 1 సెంటీస్టోక్. 100 డిగ్రీల వద్ద 30 గ్రేడు నూనెకు 9.3 నుంచి 12.5 వరకు, 40 గ్రేడుకు 12.5 నుంచి 16.3 వరకు, 60 గ్రేడుకు 21.9 నుంచి 26.1 వరకు ఉండాలి. అంటే 60 గ్రేడు నూనె ఆ వేడిలో కూడా 30 గ్రేడుకు దాదాపు రెండింతలు చిక్కగా ఉంటుంది.

ఒకే నూనెకు రెండు గుణాలు ఎలా వస్తాయి? అందులో పాలిమర్ అణువులు కలుపుతారు. చల్లగా ఉన్నప్పుడు అవి దారపు ఉండలా ముడుచుకుని ఉంటాయి. వేడెక్కితే విప్పుకుని నూనె మరీ పల్చబడకుండా అడ్డుపడతాయి. మగ్గం తెలిసినవారికి ఇంకో మాట కూడా వెంటనే అర్థమవుతుంది. ఒరిపిడి ఎక్కువైతే దారం తెగుతుంది. ఇంజన్‌లో నలిగి నలిగి ఈ పాలిమర్లు కూడా తెగుతాయి. అప్పుడు 60 గ్రేడు నూనె కొంతకాలానికి 50 గ్రేడు స్థాయికి జారవచ్చు. నూనె రంగు చూసి ఈ మార్పును కనిపెట్టలేము. నల్లబడిన నూనెలో సత్తువ మిగిలి ఉండవచ్చు, ఎర్రగా మెరిసే నూనె సత్తువ కోల్పోయి ఉండవచ్చు.

ఇప్పుడు ఆ కుర్రవాడి కారు దగ్గరకు వెళదాం. అది 3.2 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్. నిమిషానికి 8,000 సార్లు తిరగగలదు, అంటే సెకనుకు 133 సార్లు. దాని పిస్టన్ ఒకసారి కదిలే దూరం 91 మిల్లీమీటర్లు. ఒక్కో చుట్టుకు పిస్టన్ పైకి, కిందికి రెండుసార్లు కదులుతుంది. లెక్క కట్టండి: 0.091 ను 2 తోనూ, మళ్లీ 133 తోనూ హెచ్చిస్తే సెకనుకు 24 మీటర్ల పైచిలుకు సగటు వేగం. గంటకు దాదాపు 87 కిలోమీటర్లు. ఆ వేగంతో పోతూ, సెకనుకు 266 సార్లు ఆగి వెనక్కి తిరుగుతుంది. ఆ దెబ్బనంతా కనెక్టింగ్ రాడ్ కింద ఉండే బేరింగ్ తట్టుకోవాలి. బేరింగుకూ క్రాంక్ షాఫ్టుకూ మధ్య ఖాళీ మిల్లీమీటరులో కొన్ని వందవ వంతులు మాత్రమే. ఆ సందులో ఉన్న నూనె పొరే వాటిని విడివిడిగా ఉంచుతుంది. ఆ పొర తెగితే లోహం లోహాన్ని తాకుతుంది.

ఆ పొర బలాన్ని కొలవడానికి ఒక ప్రత్యేక పరీక్ష ఉంది. 150 డిగ్రీల వేడిలో, విపరీతమైన ఒరిపిడిలో నూనె స్నిగ్ధత ఎంత మిగిలిందో చూస్తారు. 20 గ్రేడుకు అది 2.6 మిల్లీపాస్కల్ సెకన్లు ఉంటే చాలు. ఆ కాలపు ఐరోపా కార్ల కంపెనీలు తమ ఇంజన్లకు సాధారణంగా కనీసం 3.5 అడిగేవి. ఇప్పటి చిన్న కార్లకు చెప్పే 0డబ్ల్యు-20, 0డబ్ల్యు-16 నూనెలను ఈ పాత ఇంజన్‌లో పోస్తే ఏమవుతుందో ఊహించండి. మైలేజీ ఒకటి రెండు శాతం పెరగవచ్చు. ఆ లాభం బేరింగు అరుగుదలగా ఖర్చవుతుంది. కొత్త చిన్న ఇంజన్లు ఆ పల్చని నూనె కోసమే రూపొందాయి కాబట్టి వాటికి అది సరిపోతుంది.

ఎం3కి తయారీదారు చెప్పిన నూనె 10డబ్ల్యు-60 సింథటిక్. ఈ కారులో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటుంది. ఇంజన్ చుట్ల సంఖ్య చూపే మీటరు అంచున చిన్న దీపాలు ఉంటాయి. నూనె చల్లగా ఉన్నంతసేపు, ఇంతకు మించి వేగం వద్దు అని అవి వెలుగుతాయి. నూనె వేడెక్కేకొద్దీ ఒక్కొక్కటే ఆరిపోతాయి. 60 గ్రేడు నూనె చల్లగా ఉన్నప్పుడు చాలా చిక్కగా ఉంటుంది కాబట్టి ఈ జాగ్రత్త. కూలెంటు ముల్లు మధ్యకు వచ్చిందని గేటు దాటగానే ఆక్సిలరేటర్ తొక్కేవారు గమనించాలి, నీరు వేడెక్కిన చాలాసేపటికి గాని నూనె వేడెక్కదు.

2001 నుంచి 2003 వరకు తయారైన ఎం3 కార్లలో కొన్నింటికి ఈ రాడ్ బేరింగులు త్వరగా పాడయ్యాయి. కంపెనీ వాటిని పిలిచి మార్చవలసి వచ్చింది. దానికి నూనె ఒక్కటే కారణం కాదు. అయినా ఆ బేరింగు విషయంలో యజమాని చేతిలో ఉన్నది నూనె ఎంపిక ఒక్కటే.

మరో ఉదాహరణ చెబితే అసలు సంగతి తేలుతుంది. అదే కంపెనీవారి ఎం5 కారు 1998లో వచ్చింది. 5 లీటర్ల వి8 ఇంజన్, 400 అశ్వశక్తి. 2000 ఫిబ్రవరి వరకు తయారైన ఇంజన్లకు కంపెనీ చెప్పిన నూనె 5డబ్ల్యు-30. 2000 మార్చి నుంచి తయారైన వాటికి 10డబ్ల్యు-60. కారు పేరు, ఆకారం, ఇంజన్ పేరు అన్నీ ఒకటే. నెల మాత్రం మారింది. పక్కింటి ఎం5కు ఏది పోశారో అదే మన ఎం5కూ పోద్దామంటే కుదరదు. కారు జాతకం, అంటే దాని తయారీ నెల, సంవత్సరం చూడాలి. నేను జాతకాలు నమ్మను, ఈ ఒక్కదానికి మినహాయింపు.

'ముసలి బండికి చిక్కటి నూనె' అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? అది పూర్తిగా అబద్ధం కాదు. పిస్టన్ రింగులు అరిగితే నూనె పైకి ఎగబాకి కాలిపోతుంది. బేరింగుల సందు పెరిగితే నూనె ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు చిక్కటి నూనె పోస్తే పొగ కొంత తగ్గుతుంది, ఒత్తిడి కొంత పెరుగుతుంది. అయితే అది జ్వరానికి తడిగుడ్డ వేయడం లాంటిది. జ్వరం దిగినట్టు కనిపిస్తుంది, జబ్బు లోపలే ఉంటుంది. వయసు వేరు, అరుగుదల వేరు. 2004లో పుట్టి 50,000 కిలోమీటర్లు తిరిగిన ఇంజన్ కంటే, 2015లో పుట్టి రెండు లక్షలు తిరిగినది ఎక్కువ అరిగి ఉండవచ్చు. ఇంజన్ బాగా వేడెక్కాక నిలకడగా నడుస్తున్నప్పుడు నూనె ఒత్తిడి కొలిపించండి. వెయ్యి కిలోమీటర్లకు ఎంత నూనె తగ్గుతోందో రాసిపెట్టండి. కొలత చూపితేనే మార్పు, అదీ యజమాని పుస్తకంలో అనుమతించిన గ్రేడుల లోపలే.

ఈ పుస్తకాలు మన వాతావరణాన్ని మరిచిపోలేదు. మెర్సిడెస్-బెంజ్ కార్ల తయారీ 1995లో పుణెలో మొదలైంది. ఆ కాలపు పుస్తకాలలో బయటి ఉష్ణోగ్రతను బట్టి ఏ గ్రేడు వాడవచ్చో చూపే పట్టిక ఉండేది. మన వేడి దేశానికి సరిపడే చిక్కటి గ్రేడులు అందులోనే ఉంటాయి. సొంతంగా ఇంకో మెట్టు పైకి వెళ్లనక్కరలేదు.

ఇక 'కొత్తది మంచిది' అన్న మాట. నూనెల నాణ్యతకు ఏ.పి.ఐ. అనే అమెరికన్ పెట్రోలియం సంస్థ అక్షరాలు ఇస్తుంది. 2001లో ఎస్.ఎల్., 2004లో ఎస్.ఎం., 2010లో ఎస్.ఎన్., 2020లో ఎస్.పి. అక్షరం ముందుకు వెళ్లేకొద్దీ నూనె చాలా విషయాల్లో మెరుగైంది, నిజమే. కాని ఒక విషయంలో మెల్లగా వెనక్కి తగ్గారు. లోహాలు రాసుకునే చోట అరుగుదలను ఆపే జింకు, ఫాస్ఫరస్ సమ్మేళనం ఒకటి 1940ల నుంచి నూనెల్లో కలుపుతున్నారు. ఫాస్ఫరస్ పొగగొట్టంలోని ఉత్ప్రేరకాన్ని పాడు చేస్తుంది. అందుకని 2004 ప్రమాణంలో పల్చని గ్రేడులకు ఫాస్ఫరస్‌ను 0.08 శాతానికి పరిమితం చేశారు. కొత్త ఇంజన్లకు అది చాలు. 1980ల నాటి, అంతకు ముందటి ఇంజన్లలో కామ్ షాఫ్ట్ చదునైన లోహం మీద నేరుగా రాసుకుంటూ తిరుగుతుంది. వాటికి చాలకపోవచ్చు.

అందుకే ఐరోపా కార్లకు అక్షరం కన్నా తయారీదారు అనుమతి సంఖ్య ముఖ్యం. మెర్సిడెస్‌కు 229.1, దాని మీద 229.3, దాని మీద 229.5. ఇక్కడ పెద్ద సంఖ్య వాడితే నష్టం లేదు. కాని 229.51 అన్నది వేరే దారి. అది డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టర్ కోసం చేసిన తక్కువ బూడిద నూనె. చివరి ఒకటి వల్ల అది 229.5 కన్నా మెరుగైనది కాబోలనుకుని పాత పెట్రోలు ఇంజన్‌లో పోయడం నేను చూశాను. తక్కువ బూడిద నూనెలో ఆమ్లాలను విరిచే క్షార నిల్వ కూడా సాధారణంగా తక్కువే. 2020 ఏప్రిల్ 1 నుంచి మన పెట్రోలులో గంధకం 10 పి.పి.ఎం.కు తగ్గింది కాబట్టి ప్రమాదం అప్పటంత లేదు. అయినా ఆ ఇంజన్‌కు చెప్పినది కాదు కదా.

డబ్బా మీది మాటలు కూడా జాగ్రత్తగా చదవాలి. 'అనుమతి పొందినది' అంటే కారు కంపెనీ పరీక్షించి ఒప్పుకున్నది. 'ఈ ప్రమాణానికి సరిపోతుంది' అంటే నూనె కంపెనీ తన గురించి తాను చెప్పుకున్నది. ధర ఈ రెంటిలో దేన్నీ చెప్పదు. మార్కెట్‌లో నకిలీ నూనె ఉందన్నది మీకు తెలిసిందే. ఖాళీ డబ్బాలను కొనేవారు ఉన్నారంటే వాటికి ఏదో ఉపయోగం ఉండే ఉంటుంది. నూనె పోయించాక డబ్బాకు మీ కళ్ల ముందే రంధ్రం చేయించండి.

మళ్లీ డుమస్‌కు వస్తే, అక్కడి కార్లకు ఉన్న అసలు జబ్బు వేగం కాదు, కదలకపోవడం. ఆదివారం బయటికి తీసి, రెండు కిలోమీటర్లు వెళ్లి, టీ తాగి వచ్చేస్తారు. ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. దహనంలో పుట్టిన నీటి ఆవిరి నూనెలోకి దిగి అక్కడే ఉండిపోతుంది. కాలని పెట్రోలు కూడా కొంత దిగుతుంది. 2025 నాటికి దేశమంతటా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చేసింది. ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణం ఉంది. పైగా సముద్రపు తేమ గాలి. అందువల్ల ఇలాంటి కారుకు కిలోమీటర్లు చూడకుండా సంవత్సరానికి ఒకసారి నూనె, ఫిల్టర్ మార్చాలి. బాగా తిరిగే కారైతే ఏడెనిమిది వేల కిలోమీటర్లకు మార్చాలని నా అభిప్రాయం. పాతిక వేలు నడవవచ్చని చెప్పే పాత పుస్తకం మాట ఈ ఒక్క విషయంలో పక్కన పెట్టవచ్చు. ఆ లెక్క ఐరోపా రోడ్ల మీద ఆగకుండా సాగే ప్రయాణాలకు వేసినది.

ఇంకొకటి. కొందరు ఈ కార్లను తీరం మీదికి, ఇసుకలోకి తీసుకుపోతారు. చక్రాలు దిగబడి, ఇంజన్ గర్జిస్తుంది, గాలి మాత్రం రేడియేటర్‌కు తగలదు. నూనె వేడి చూస్తుండగానే పెరిగిపోతుంది. ఈలోగా పోటు వస్తుంది. నీళ్లు ఇంజన్ దాకా వచ్చిన కారును స్టార్ట్ చేసే ప్రయత్నం చేయవద్దు. బయటికి లాగించి, ముందు నూనె కొలిచే పుల్ల తీసి చూడండి. నూనె పాలు కలిపిన టీ రంగులో ఉంటే అందులో నీరు చేరినట్టే. ఆ నూనె వదిలించి, నీరంతా పోయేదాకా మళ్లీ మళ్లీ కొత్త నూనె మార్చిన తరువాతే తాళం తిప్పాలి.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారుకు ఇదివరకు ఏ నూనె పోశారో తెలియకపోతే, లోపలంతా కడిగే రసాయనాలు పోయించవద్దు. ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి ఒక్కసారిగా ఊడి నూనె దారులను మూసేస్తుంది. సరైన నూనె, కొత్త ఫిల్టర్ వేసి పదిహేను వందల కిలోమీటర్లు నడిపి, మళ్లీ రెండూ మార్చండి. రెండోసారి తీసిన నూనెలో కొంచెం ప్రయోగశాలకు పంపగలిగితే మరీ మంచిది. అందులో సీసం, రాగి పాళ్లు ఎక్కువగా ఉంటే బేరింగు అరుగుతోందని అర్థం. పెద్ద పరిశ్రమలలో టర్బైన్లకు, జనరేటర్లకు ఈ పరీక్ష మామూలే.

ఆ కుర్రవాడికి నేను చెప్పింది ఇది: 2004 ఎం3 కాబట్టి 10డబ్ల్యు-60, డబ్బా మీద బీఎండబ్ల్యూ ఎం ఇంజన్ల అనుమతి ఉన్నది, అయిదున్నర లీటర్లు, దానితోపాటు కొత్త ఫిల్టర్. తీసిన పాత నూనెను డుమస్ ఇసుకలో పారబోయకుండా, మూత ఉన్న డబ్బాలో పోసి, లైసెన్సు ఉన్న పాత నూనె సేకరణదారుకు ఇవ్వమన్నాను. వారం తరువాత ఫోన్ చేశాడు. నూనె దొరికిందట, కాని యజమాని పుస్తకం గ్యారేజీలో ఎక్కడుందో ఇంకా వెతుకుతున్నాడట.